కాలువ సరే, నీళ్లు పారుతున్నాయా?

(రెటీనా జబ్బులు చూసే డాక్టరు ఒకరు తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది. సభలోంచి వచ్చిన ప్రశ్నలు అలాగే ఉంచాం.)

వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? మైకు కొంచెం కీచుమంటోంది. సరే, దూరంగా పెట్టుకుంటాను.

నా చేతిలో ఉన్నది సెలైన్ సెట్. మీలో చాలామంది దీన్ని మంచం మీద పడుకుని కింద నుంచి చూసే ఉంటారు. ఇవాళ కూర్చుని చూడండి. ఈ గాజులాంటి చిన్న గదిలోకి చుక్కలు పడతాయి కదా, నర్సులు లెక్క వేసుకునేది వీటితోనే. ఈ రకం సెట్‌లో 20 చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. ఇదిగో, పడింది. ఒక్క చుక్క.

కంటి లోపల వెనక గోడకి పరుచుకుని వెలుతురుని పట్టే పలచటి పొర రెటీనా. మీ ఒక్కో కంట్లో దానికి నిమిషం పాటు అందే రక్తం ఇంతే. కొలిచినవాళ్లు తలా ఒక లెక్క చెప్పారు కానీ చాలావరకు ఈ చుక్క దగ్గరకే వచ్చి ఆగాయి. చాలా లెక్కల్లో ఇంతకన్నా కాస్త తక్కువే. ఈ చుక్కతోనే పేపరు చదువుతున్నాం, సూదిలో దారం ఎక్కిస్తున్నాం, ఎదురొచ్చే లారీని చూసి పక్కకి తప్పుకుంటున్నాం. రెటీనా వెనక కోరాయిడ్ అని ఇంకో పొర ఉంది. కంటికి వచ్చే రక్తంలో 80 శాతం పైన అందులోకే పోతుంది, రెటీనాలో బయటివైపు భాగానికి తిండి పెట్టేది అదే. దాని గురించి వేరే రోజు మాట్లాడుకోవాలి. ఇవాళ మన కథంతా ఈ చుక్కది. ఇది ఎక్కడ ఆగింది, ఎక్కడ కారింది, ఎంత పారుతోంది అన్నది కన్ను కోయకుండా బయటి నుంచే ఎలా చూస్తాం అన్నది.

ముందు ఒక మాట తగువు తేల్చుకుందాం. మన తెలుగులో 'నరం' అంటే రెండర్థాలు. ఇంజెక్షన్ చేసే అమ్మాయి "నరం దొరకట్లేదు" అంటుంది, అది రక్తనాళం. "నరాల బలహీనత" అని గోడల మీద రాస్తారు, అది వేరే నరం. నా దగ్గరకొచ్చే పది మందిలో ఆరుగురు "కంటి నరం వీకైపోయిందన్నారండీ" అంటూ వస్తారు. ఏ నరం? చూపుని మెదడుకి మోసుకుపోయేదా, రక్తం తెచ్చేదా? మొదటిది కరెంటు తీగ, రెండోది నీటి కాలువ. రెండూ ఒకే గుండ్రటి కన్నంలోంచి కంట్లోకి వస్తాయి కాబట్టి పొరబడటంలో తప్పులేదు. ఇవాళ రక్తం తెచ్చేదాన్ని నేను నరం అనను, రక్తనాళం అంటాను. చూపుని మోసేదాన్ని చూపు నరం అంటాను.

మీ ఊళ్లో కాలువల సంగతి చెప్పాలంటే నాకు భయం లేదు, వింటున్నవాళ్లకి నాకన్నా బాగా తెలుసు కాబట్టి. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారు, దుగ్గిరాల లాకులు దాటాయి, తెనాలి వచ్చాయి. ఊరి మధ్య కాలువ నిండుగా పారుతోంది. అంతమాత్రాన రేపల్లె అవతల చివరి భూములకి నీళ్లు అందినట్టేనా? కాదని మీరే చెబుతారు. పెద్ద కాలువ నిండుగా ఉండగానే చివరి చేను నెర్రెలు విచ్చుతుంది.

రెటీనాలో కూడా అంతే. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆఫ్తాల్మోస్కోప్‌ని, అంటే కంటి లోపలికి చూసే పరికరాన్ని, లోకానికి చూపించాడు. మనిషి ఒంటి లోపలి రక్తనాళాలు కోత లేకుండా ఇంత బాగా నేరుగా కనబడే చోటు కంటి వెనక గోడే. 1908లో జపాన్‌లో తకయాసు అనే కంటి డాక్టరు ఒక యువతి కంట్లో చూపు నరం చుట్టూ రక్తనాళాలు దండలాగా ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండటం చూసి రాశాడు. అసలు జబ్బు గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనుల్లో ఉందని తర్వాత తేలింది, ఆ జబ్బుకి ఇప్పటికీ ఆయన పేరే. కాలువ చివర చూసి బ్యారేజీ దగ్గర ఏదో అయిందని కనిపెట్టినట్టు.

అయితే ఆ పరికరంతో మనకి కనబడేది పెద్ద, మధ్యరకం కాలువలు. ఎర్ర రక్తకణం వెడల్పు మిల్లీమీటరులో వెయ్యోవంతులు 7, 8 ఉంటుంది. కేశనాళికలు, అంటే అన్నిటికన్నా చిన్న రక్తనాళాలు, కూడా అంతే సన్నం, చాలాచోట్ల ఇంకా సన్నం. కణం ఒళ్లు మడుచుకుని, చేపలాగా జారి పోవాలి. వాటిని ఉత్త ఫొటోలో పట్టుకోలేం.

ఇంకో చిక్కుంది. ఫొటోలో నాళం వెడల్పు కనబడుతుంది, అందులో ఎంత పారుతోందో కనబడదు. పైపులో ప్రవాహానికి ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల నాడే లెక్క కట్టాడు. పైపు వెడల్పు సగమైతే పారేది సగం కాదు, 16 వంతుల్లో ఒక వంతు. మిగతావన్నీ మారకుండా ఉంటే. అంటే నాళం కాస్త సన్నబడింది అని నేను ఫొటో చూసి తేలిగ్గా అనేసేది లోపల పెద్ద కరువు కావచ్చు.

ధమని మూసుకుపోవడం, సిర మూసుకుపోవడం, ఈ రెండూ మీకు ఒక్క నిమిషంలో చెప్పేస్తాను, ఇంకెక్కడైనా అయితే అరగంట పట్టేది. ధమని అంటే నీళ్లు తెచ్చే కాలువ. సిర అంటే మురుగు కాలువ, వాడిన నీళ్లు తీసుకుపోయేది. తెచ్చే కాలువ మూసుకుపోతే చేను ఎండుతుంది. చూపు నొప్పి లేకుండా, ఉన్నట్టుండి, స్విచ్ ఆపినట్టు పోతుంది. దీనికి గంటలే గడువు, అది కంటికి వచ్చిన పక్షవాతం లాంటిది. "రేపు పొద్దున చూద్దాంలే" అనుకోకండి. మురుగు కాలువ పూడిపోతే? చేను మునుగుతుంది. నీళ్లు వెనక్కి తన్నుతాయి. రెటీనాలో నెత్తుటి మరకలు, వాపు. రెటీనాలో ధమని సిర మీదుగా దాటే చోట రెండిటికీ ఒకటే తొడుగు ఉంటుంది. బీపీతో ధమని గట్టిపడి కింద ఉన్న సిరని నొక్కేస్తుంది. బీపీ మాత్ర మానేసిన వాళ్లని మేం ఊరికే కేకలు వేయం.

ఇక రంగు కథకి వస్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన కథ, కొంచెం సాగదీస్తే క్షమించండి.

జర్మనీలో డాన్యూబ్ నది ఉంది కదా, అది పుట్టిన కాస్త దూరానికే ఇమెండింగెన్ అనే ఊరి దగ్గర నేలలోకి ఇంకిపోతుంది. వేసవిలో అయితే నది నది మొత్తం మాయం. అక్కడికి పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊళ్లో పెద్ద ఊట పైకి తన్నుతుంది. ఆ ఊట నీళ్లు రైన్ నది వైపు పోతాయి. ఈ నీళ్లూ ఆ నీళ్లూ ఒకటేనా? పై ఊరి ఫ్యాక్టరీల వాళ్లు ఆ గుంటలు పూడ్చేస్తామన్నారు, కింద మిల్లుల వాళ్లు ఒప్పుకోమన్నారు. నీళ్ల తగువు ఎక్కడైనా నీళ్ల తగువే. 1877లో క్నోప్ అనే ప్రొఫెసరు ఆ గుంటల్లో టన్నులకొద్దీ ఉప్పుతో పాటు 10 కిలోల రంగు పోయించాడు. సుమారు రెండున్నర రోజులకి ఆఖ్ ఊట ఆకుపచ్చగా మెరుస్తూ పైకి వచ్చింది! సందేహం తీరిపోయింది.

ఆ రంగు పేరు ఫ్లోరెసీన్. అప్పటికి ఆరేళ్ల కిందటే, 1871లో, బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. నీలి వెలుతురు పడితే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది. పది కిలోలతో నది ఆచూకీ దొరికింది కదా, మనం కంటికి వాడేది అందులో ఒక గ్రాము కూడా కాదు.

1959లో అమెరికాలో, ఇండియానా యూనివర్సిటీలో, నొవాట్నీ, ఆల్విస్ అని ఇద్దరు కుర్రాళ్లు ఈ రంగుని చేతి సిరలోకి ఎక్కించి కంటి వెనక ఫొటోలు తీయాలనుకున్నారు. ముందు ఎవరి మీద చేయాలి? బొమ్మా బొరుసూ వేసుకున్నారు. ఆల్విస్ ఓడిపోయాడు. అలా మొట్టమొదటి ఫొటోలకి ఆయన కన్నే దొరికింది. రాసిన వ్యాసాన్ని ఒక పేరున్న కంటి వైద్య పత్రిక తిప్పి పంపితే, చివరికి 1961లో గుండె, రక్తప్రసరణల పత్రికలో అచ్చయింది. తర్వాత కనీసం నలభై ఏళ్లు రెటీనా డాక్టర్లందరం ఆ పరీక్ష మీదే బతికాం. తిప్పి పంపిన వాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో అనుకుంటూ ఉంటాను.

దీన్నే ఫండస్ ఫ్లోరెసీన్ యాంజియోగ్రామ్ అంటాం. నేను యాంజియోగ్రామ్ అనగానే పేషెంటు గుండె పట్టుకుంటాడు. "స్టెంట్ వేస్తారా డాక్టరు గారూ?" అని అడిగినవాళ్లున్నారు. అందుకే ఇప్పుడు 'రంగు పరీక్ష' అంటున్నాను, టెన్షన్ తగ్గుతోంది.

గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేస్తాం. గడ్డం స్టాండు మీద, నుదురు పట్టీకి ఆనించి. చీకటి గది. చేతి సిరలోకి రంగు ఎక్కుతుంది, టెక్నీషియన్ గడియారం నొక్కుతాడు. తెర మీద అంతా నలుపు. ఎనిమిది, తొమ్మిది, పది... ముందు కోరాయిడ్ మచ్చలు మచ్చలుగా తెల్లబడుతుంది. ఒక సెకను తర్వాత చూపు నరం మధ్య నుంచి ధమనులు తెల్లగా వెలిగి పాములాగా బయటికి పాకుతాయి. తర్వాత కేశనాళికలు, ఆ తర్వాత సిరలు. సిరలు భలే తమాషా. ముందు రెండు అంచులే తెల్లగా మెరుస్తాయి, మధ్య నల్లగా ఉంటుంది, ఎందుకంటే పక్క కాలువల నీళ్లు ఒడ్డు వెంబడే పారుతూ వచ్చి కలుస్తాయి. కృష్ణలో వాగు కలిసిన చోట కాసేపు రెండు రంగులుగా పారడం చూశారా, అదే. ఇన్నేళ్లయినా ఆ పది సెకన్లు నేను తెర మీంచి కళ్లు తిప్పను.

రంగు పరీక్ష బలం ఎక్కడుందంటే, కారడం చూపిస్తుంది. మంచి రెటీనా నాళం గోడలోంచి ఈ రంగు బయటికి రాదు. షుగర్ వల్ల నాళం గోడని పట్టుకుని ఉండే కణాలు రాలిపోతాయి, బలహీనపడిన చోట బుడిపెలు వస్తాయి, ఫొటోలో ఆవగింజల్లా మెరుస్తాయి. నిమిషాలు గడిచేకొద్దీ ఆ గింజ చుట్టూ వెలుగు అలుక్కుపోతుందనుకోండి, అక్కడ కారుతోందన్నమాట. రక్తం అందక ఎండిపోయిన చోటు నల్లటి చాపలాగా కనబడుతుంది. ఆ ఎండిన చేను ఆకలికి కేకలు పెడుతుంది, వీఈజీఎఫ్ అనే ప్రోటీను విడుదల చేస్తుంది. దానికి కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. పుట్టినవి సరిగ్గా ఉంటే బాగుండేది. అవన్నీ నాసిరకం, దొంగ తూముల్లాంటివి, కారుతూనే ఉంటాయి. ఫొటోలో దూదిపింజల్లా వెలుగుతాయి. ఒక్కొక్కటి పగిలితే కన్నంతా నెత్తురు. షుగర్ లేని పాతికేళ్ల కుర్రాడిలోనూ ఇవి చూస్తాం. ఈల్స్ జబ్బు అని, నాళాల్లో వాపు వచ్చి రెటీనా అంచులు ఎండిపోతాయి. 1880లో ఇంగ్లండులో ఈల్స్ అనే డాక్టరు రాసిన జబ్బు ఇవాళ అక్కడికన్నా మన దేశంలోనే ఎక్కువ కనబడుతోంది.

లోపాలు కూడా చెప్పాలి. కొంతమందికి కడుపులో తిప్పుతుంది, కొందరు వాంతి చేసుకుంటారు. ఒళ్లు కాసేపు పచ్చబడుతుంది. ఒకటి రెండు రోజులు మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే అర్ధరాత్రి ఫోన్లొస్తాయి, నాకు వచ్చాయి. అలర్జీ రావచ్చు, ప్రాణాపాయం మాత్రం చాలా అరుదు. అమెరికాలో 1986లో అచ్చయిన ఒక సర్వేలో 2 లక్షల 20 వేల పైచిలుకు పరీక్షలు లెక్కపెడితే ఒక మరణం కనబడింది. అరుదే కానీ, అందుకే ఆ గదిలో ఎమర్జెన్సీ మందుల ట్రే లేకుండా రంగు ఎక్కించనివ్వను.

(సభలోంచి ఒక పెద్దాయన: "మరి సూది లేకుండా చేసే స్కానింగు వచ్చిందంటున్నారు కదండీ, మా మనవరాలు చెప్పింది. ఇంకా ఈ రంగెందుకు?")

మాస్టారూ, నేను అక్కడికే వస్తున్నా. మీ మనవరాలు చెప్పింది నిజం. దాని పేరు ఓసీటీ యాంజియో.

ఓసీటీ అంటే వెలుతురుతో చేసే స్కాను. అల్ట్రాసౌండులో శబ్దం తగిలి వెనక్కొస్తుంది, ఇక్కడ కంటికి కనబడని ఎరుపు వెలుతురు తగిలి వెనక్కొస్తుంది. 1991లో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్ వాళ్ల బృందం దాన్ని ప్రకటించింది. 2023లో ఆ ముగ్గురికీ లాస్కర్ అవార్డు ఇచ్చారు. రెటీనా మందం పావు మిల్లీమీటరు పైచిలుకు. అందులో పొరలు పొరలుగా, ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు చూపిస్తుంది. కానీ అది కూడా మొదట్లో చేను బొమ్మే, నీళ్ల బొమ్మ కాదు.

నీళ్లని పట్టుకున్న కిటుకు ఇది. కాలువ గట్టున కదలకుండా నిలబడి వెంటవెంటనే రెండు ఫొటోలు తీశారనుకోండి. గట్టు, చెట్టు, లాకు తలుపు రెండింట్లోనూ ఒకేలా ఉంటాయి. నీటి మీద తళుకులు మాత్రం మారిపోతాయి. ఒకేలా ఉన్నవన్నీ చెరిపేసి, మారినవి మాత్రం ఉంచండి. ఏం మిగులుతుంది? పారే నీళ్లు. ఓసీటీ యాంజియో చేసేది అదే. ఒకే చోట కొన్ని వెయ్యోవంతు సెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ స్కాను చేస్తుంది. రెటీనా కదలదు, ఎర్ర కణాలు కదులుతాయి. తేడా ఉన్నచోటల్లా తెల్లగా వేస్తుంది. 2012 ప్రాంతంలో ఈ లెక్క బాగా కుదిరింది, ఆ తర్వాత మూడు నాలుగేళ్లకే మెషిన్లు ఆస్పత్రుల్లోకి వచ్చేశాయి.

సూది లేదు, వాంతి లేదు, పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. పైగా రెటీనాలో కేశనాళికలు ఒకే అంతస్తులో లేవు, పైనా లోపలా వలలు పరిచినట్టు ఉంటాయి. రంగు పరీక్షలో లోపలి వల సరిగ్గా కనబడదు. ఇందులో ఏ అంతస్తుకి ఆ అంతస్తు విడదీసి చూడొచ్చు.

ఒకావిడ వచ్చారు, బ్లౌజులు కుడతారు. షుగర్ పదేళ్లుగా ఉంది. చార్టు మీద అక్షరాలు చివరి వరస దాకా చదివేశారు. వాపు లేదు, మామూలు ఓసీటీ బాగుంది. ఆవిడ మాత్రం "కుట్టు మీద కుట్టు వేసేటప్పుడు మధ్యలో ఒక కుట్టు మింగేస్తోందండీ" అంటారు. చదివేటప్పుడు గమనిస్తే పదం మధ్యలో అక్షరం ఒకటి వదిలేస్తున్నారు. ఓసీటీ యాంజియో తీశాం. చూపు కేంద్రంలో అందరికీ రక్తనాళాలు లేని చిన్న గుండ్రటి చోటు ఉంటుంది, మామూలుగా అర మిల్లీమీటరు వెడల్పు. ఆవిడకి అది బాగా పెద్దదయి, అంచులు కొరికిన జామకాయలా ఉన్నాయి. చుట్టూ వలలో కన్నాలు. అంటే చివరి చేనుకి నీళ్లు అందడం మానేశాయి. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, చార్టే అబద్ధం చెప్పింది.

అయితే మాస్టారూ, రంగు ఎందుకంటే, ఓసీటీ యాంజియో కారడం చూపించదు. దానికి తెలిసింది కదలిక ఒక్కటే. కారి పక్కన నిలిచిపోయిన నీరు కదలదు కదా. గండి ఎక్కడ పడిందో చెప్పడానికి రంగే కావాలి. అంచుల్లో దూరంగా ఉన్న చేలు చూడాలన్నా వెడల్పు ఫొటోల రంగు పరీక్షే ఇప్పటికీ నమ్మకం. కోరాయిడ్ లోతుల్లోకి చూడాలంటే ఇండోసయనిన్ గ్రీన్ అని ఇంకో రంగుంది, దాన్ని వదిలేస్తున్నాను.

ఇంకో సంగతి. ఇది నా తప్పు, కాబట్టి నేనే చెప్పాలి. ఒక షుగర్ పేషెంటు ఓసీటీ యాంజియో చూస్తే కేంద్రానికి పక్కనే నల్లటి పెద్ద మచ్చ. "ఇక్కడ రక్తం ఆగిపోయింది" అని ఆయనకి, వాళ్లబ్బాయికి కూడా చెప్పేశాను. ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోయారు. రాత్రి ఇంట్లో మళ్లీ బొమ్మలు తిప్పుతుంటే అనుమానం వచ్చింది, నలుపు కింది నుంచి పై దాకా అన్ని అంతస్తుల్లోనూ ఒకే ఆకారంలో ఉంది. నీడ! కంటి మధ్యలో ఉండే జిగురులో చిన్న నెత్తుటి తునక వేలాడుతూ మెషిన్ వెలుతురుకి అడ్డం వచ్చింది. మూడు వారాలకి అది జారిపోయింది, మళ్లీ తీస్తే కింద వల శుభ్రంగా ఉంది. ఆ మూడు వారాలూ ఆ కుటుంబం పడిన బాధకి నేను ఏం సమాధానం చెప్పను? అప్పట్నుంచి నలుపు చూస్తే మూడు ప్రశ్నలు వేసుకుంటాను. నీడా? పేషెంటు కన్ను కదిలిందా? లేక రక్తం మరీ నెమ్మదిగా పాకుతూ ఉంటే మెషిన్‌కి కదలికగా అనిపించలేదా? మూడోది చాలామంది మర్చిపోతారు. చాలా నెమ్మదిగా పారే నాళం ఇందులో కనబడకపోవచ్చు. నలుపు అంటే 'నాకు కదలిక కనబడలేదు' అని మెషిన్ చెప్పడం. 'నాళం చచ్చిపోయింది' అని కాదు.

తెలుపు కూడా అంతే. తెల్లగా ఉంటే పారుతోంది, సరే. ఎంత పారుతోంది? ఓసీటీ యాంజియో నోరు విప్పదు. కాస్త జోరుగా పారినా, ఉరకలేసినా దానికి దాదాపు ఒకే తెలుపు. నా మట్టుకి ఈ రంగంలో ఇప్పటికీ తెగని ముడి ఇదే. నిమిషానికి ఒక చుక్క అని మొదట్లో గొప్పగా చెప్పాను, ఆ చుక్కని మీ కంట్లో, మీ ఒక్కరికి, క్లినిక్‌లో కొలిచి చెప్పమంటే తడబడతాను.

ఎందుకు కష్టం? రైలు స్టేషన్లో నిలబడండి. ఎక్స్‌ప్రెస్ ఆగకుండా కూత వేసుకుంటూ వస్తుంది. దగ్గరకి వచ్చేదాకా కూత సన్నగా, దాటగానే బొంగురుగా. దీన్ని 1842లో డాప్లర్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. మూడేళ్లకి హాలండులో రైలుబండి మీద బాకాలు ఊదేవాళ్లని ఎక్కించి మరీ పరీక్షించారు. రక్తకణం నుంచి వెనక్కొచ్చే శబ్దంలోనో వెలుతురులోనో ఇదే తేడా పట్టుకుంటే వేగం తెలుస్తుంది. కంటి వెనక పెద్ద ధమనులకి కలర్ డాప్లర్ స్కాను చేసేది ఇందుకే. లేజరుతో రెటీనాలో రక్త వేగాన్ని 1972లోనే రివా అనే శాస్త్రవేత్త బృందం కుందేలు కంట్లో పట్టుకుంది. కానీ రైలు మీ వైపు రాకుండా దూరంగా మీకు అడ్డంగా పోతోందనుకోండి, సరిగ్గా మీ ఎదురుగా ఉన్న క్షణంలో కూతలో తేడా ఏమీ ఉండదు. రెటీనా నాళాలు గోడ మీద పాకిన తీగల్లా మనకి అడ్డంగానే పరుచుకుని ఉన్నాయి. కోణం ఒకట్రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే లెక్క తల్లకిందులు. చూపు నరం దగ్గర నాళాలు లోపలికి దిగే చోట కొంచెం ఏటవాలు దొరుకుతుంది, అక్కడ అన్నిటినీ కొలిచి కూడితే మొత్తం వస్తుంది. మొదట చూపించిన చుక్క లెక్క అలా వచ్చిందే.

ఇంకో దారి జపాన్ వాళ్లు బాగా పట్టుకున్నారు. లేజర్ వెలుగు గోడ మీద పడితే ఇసుక చల్లినట్టు మెరుపు కనబడుతుంది, పిల్లల లేజర్ లైటుతో మీరూ చూసుంటారు. రక్తం పారే చోట ఆ ఇసుక మసకబారుతుంది. ఎంత మసకో అంత వేగం. కొన్ని సెకన్లలో గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్రవాహం పెరగడం, తగ్గడం సినిమాలాగా కనబడుతుంది. అయితే అది ఇచ్చే అంకె లీటర్లలోనో చుక్కల్లోనో ఉండదు. మీ కంటిని మీ కంటితోనే, నిన్నటిని ఇవాళ్టితో పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీకూ మీ పక్కాయనకీ పోటీ పెట్టడానికి అంతగా పనికిరాదు.

(ఇంకొకరు: "అంకె తెలిస్తే మాకు ఒరిగేదేంటండీ? ఇంజెక్షన్లు ఇస్తూనే ఉన్నారు కదా.")

గట్టి ప్రశ్న వేశారు. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షను ఆ వీఈజీఎఫ్‌ని అడ్డుకుంటుంది. గండి పూడుతుంది, వాపు దిగుతుంది, చాలామందికి చూపు పెరుగుతుంది. కానీ మూసుకుపోయిన కేశనాళికల్ని తెరవడం దాని వల్ల కాదు. వాపు దిగిపోయినా చూపు ఎందుకు పెరగలేదని నన్ను నిలదీసే వాళ్లలో కొందరికి జవాబు అక్కడే ఉంది. ముంపు తీసేశాం, చివరి చేనుకి నీళ్లు మాత్రం తేలేకపోయాం. ఈ సంగతి ఇంజెక్షను మొదలుపెట్టకముందే ప్రవాహం బొమ్మ చూసి చెప్పగలిగితే, ఎంత ఆశ పెట్టుకోవాలో మీకూ తెలుస్తుంది, ఎంత చెప్పాలో నాకూ తెలుస్తుంది. రెండోది, నాళాలు మూసుకుపోవడానికి ముందే వాటి తీరు మారుతుంది. మంచి కంటికి మిణుకు మిణుకుమనే వెలుగు చూపిస్తే రెటీనా నాళాలు వెంటనే కాస్త విప్పారతాయి, పని పెరిగింది నీళ్లు పంపు అన్నట్టు. షుగర్ ఉన్నవాళ్లలో ఆ విప్పారడం తగ్గుతుంది, ఫొటోలో మచ్చ ఒక్కటి కూడా రాకముందే తగ్గొచ్చు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉంది. వీళ్లలో ఎవరి కాలువ రేపు ఎండుతుందో ఇవాళే తెలిస్తే ఆ సీజన్‌లో చేయాల్సిన పని వేరు. అంతవరకూ షుగర్ ఉన్న ప్రతివాళ్లూ చూపు బాగున్నా ఏడాదికోసారి చుక్కల మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాల్సిందే.

మైకు మళ్లీ కీచుమంటోంది. టైమైపోయిందని చెబుతోందేమో. పోయే ముందు ఒకటి. లక్షల ఖరీదు చేసే ఇన్ని మెషిన్ల గురించి మాట్లాడాను కదా, ఒకటి ఉచితంగా చూపిస్తాను, మెషిన్ మీ దగ్గరే ఉంది.

రేపు పొద్దున మబ్బు లేకపోతే డాబా ఎక్కండి. సూర్యుడికి వీపు పెట్టి, అటువైపు అస్సలు చూడకుండా, నీలంగా ఉన్న ఆకాశాన్ని ఒక చోటే చూస్తూ నిలబడండి. అరనిమిషంలో సన్నటి తెల్ల చుక్కలు గబగబా పరిగెత్తుతూ కనబడతాయి. కొంచెం ఊపుగా కదులుతాయి, మెల్లబడతాయి, మళ్లీ ఊపు. చేయి నాడి మీద పెట్టి చూడండి, ఆ ఊపు మీ గుండెదే. నెమ్మదిగా దారాల్లా తేలుతూ, కన్ను తిప్పితే తిరిగేవి వేరు, వాటిని అనట్లేదు. ఈ పరిగెత్తేవి మీ తెల్ల రక్తకణాలు. నీలి వెలుతురుని ఎర్ర కణాలు మింగేస్తాయి, తెల్లకణం మింగదు, అది కేశనాళికలో దారి చేసుకుని పోతుంటే వెనక రెటీనాకి ఒక వెలుగు చుక్క దాటిపోయినట్టు ఉంటుంది. ఇందాక లేజరు కథలో చెప్పిన రివా, 1980 ప్రాంతంలో ఈ చుక్కల వేగంతో పోల్చుకుని జనం తమ కంట్లో ప్రవాహాన్ని తామే అంచనా వేసేలా పరికరం కూడా చేశాడు.

సరిగ్గా మీరు చూస్తున్న బిందువు దగ్గర మాత్రం ఒక్క చుక్క కూడా రాదు. చుట్టూ తిరుగుతాయి, మధ్యలోకి దిగవు. ఇందాక చెప్పిన ఆ అర మిల్లీమీటరు ఖాళీ అదే. ఎవరికైనా కనబడితే ఎల్లుండి నాకు ఫోన్ చేసి చెప్పండి, మాస్టారూ, మీరు ముందు.